ఎవరూ చెప్పకుండానే రెండు భాషలు నేర్చినవాళ్లు

ఇంగ్లీషు లెక్చరర్లు నలుగురు ఒకచోట కూడితే, అది కామారెడ్డిలో కావచ్చు, ఎల్లారెడ్డిలో కావచ్చు, చాయ్ తాగడం పూర్తయ్యేలోపు ఒక మాట వచ్చి తీరుతుంది. "మన పిల్లలు సొంతంగ నేర్చుకునే రకం కాదు సార్. చెప్తే రాసుకుంటరు, చెప్పకుంటే ఊకుంటరు." అదే మాట సెమినార్ హాల్లోకి వెళ్లేసరికి బరువెక్కుతుంది: గ్రామీణ డిగ్రీ విద్యార్థులకు స్వయం అభ్యాసానికి కావలసిన సంసిద్ధత లేదు. కింద ఒక పట్టిక, కొన్ని శాతాలు, ఆఖరున పిల్లలకు శిక్షణ ఇవ్వాలనే సిఫార్సు. ఇరవై ఏళ్లుగా ఈ మాట వింటున్నాను. మొదట్లో నేనూ అన్నాను. అది తప్పు. పిల్లల చదువుకు చేటు చేస్తున్న తప్పు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఆ "మన పిల్లలు" ఎవరో చూద్దాం. 2016 అక్టోబరు 11న నిజామాబాద్ నుంచి విడివడిన కామారెడ్డి జిల్లాకు పడమటి కొసన మద్నూరు, జుక్కల్, బిచ్కుంద ఉన్నాయి. అక్కడి సంతలో ఒక్క బేరంలోనే తెలుగు, మరాఠీ, కన్నడ దొర్లుతాయి. ఇటు గాంధారి, లింగంపేట, ఎల్లారెడ్డి చుట్టూ తండాలు. తండాలో పుట్టిన పిల్ల ఇంట్లో మాట్లాడేది గోర్ బోలి, మనం లంబాడీ అనే భాష. బడిలో అడుగుపెట్టిన రోజున ఆ పిల్లకు తెలుగు పరాయి భాషే. "అ అంటే అమ్మ" అని మొదలయ్యే వాచకం ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. ఈ పిల్లకు తెలుగు రెండో భాష అని గుర్తుపెట్టుకుని, ఆ లెక్కన పాఠం చెప్పిన పంతుళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అయినా ఆ పిల్ల తోటిపిల్లల నోట విని, ఆటలో విని, తప్పు మాట్లాడి, నవ్వితే తల దించుకుని, మళ్లీ మాట్లాడి తెలుగు పట్టుకుంది. తర్వాత హాస్టల్లో, కామారెడ్డి బజారులో, సినిమాల్లో హిందీ పట్టుకుంది. డిగ్రీలో చేరేనాటికి మూడు భాషలు నాలుక మీద ఉన్నాయి. అందులో రెండు ఎవరూ కూర్చోబెట్టి నేర్పినవి కావు.

ఆ అమ్మాయి ఇంగ్లీషు పీరియడ్‌లో బెంచీ మీద కూర్చోగానే, భాషను తనంతట తాను నేర్చుకోలేని విద్యార్థిని అని మనం రాసుకుంటున్నాం. మనలో చాలామందికి ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష. అంతకు మించి భాషను కష్టపడి సంపాదించుకున్న అనుభవం లేదు. భాష నేర్చే పనిలో మనకంటే రెండింతలు ఆరితేరిన పిల్లను పట్టుకుని నీకు చేతకాదంటున్నాం.

ఇక ఇంటి పెద్దలను చూడండి. ఈ జిల్లాలో గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు అరుదు. ఏడో తరగతిలో బడి మానేసిన మనిషి దుబాయికో, సౌదీకో, మస్కట్‌కో పోతాడు. లేబర్ క్యాంపులో పక్క మంచం మీద నేపాలీ, కింది మంచం మీద బంగ్లాదేశీ, సైట్ మీద ఫిలిప్పీన్స్ ఫోర్‌మన్. ఆరు నెలలు తిరిగేసరికి హిందీ వస్తుంది, పనికి సరిపడా అరబ్బీ వస్తుంది, సేఫ్టీ బోర్డు చదివేంత, సూపర్‌వైజర్‌కు జవాబు చెప్పేంత ఇంగ్లీషు వస్తుంది. ఏ మాట ముందు నేర్చుకోవాలో అతనికి తెలుసు: జీతం, సెలవు, నొప్పి, ప్రమాదం. ఏది తర్వాత నేర్చుకున్నా పర్వాలేదో అదీ తెలుసు. భాషా బోధన నిపుణులు దీన్నే అవసరాల విశ్లేషణ అంటారు. సెలవు మీద ఇంటికొచ్చిన ఆ తండ్రి కొడుకును తెచ్చి కాలేజీలో చేర్పిస్తాడు. ఆ కొడుకు సొంతంగా నేర్చుకోలేడని మనం నిర్ధారణ చేస్తాం.

ఈ నిర్ధారణకు ఆధారం ఏమిటని అడిగితే, ప్రశ్నావళి అంటారు. ప్రశ్నావళి ఎలా నడుస్తుందో దగ్గరి నుంచి చూసినవాణ్ని కాబట్టి చెబుతాను. రెండు పేజీల కాగితం, ముప్పై వాక్యాలు, అన్నీ ఇంగ్లీషులో. ఒక్కో వాక్యం పక్కన ఐదు గడులు. "నా తప్పులను టీచరే దిద్దాలి", "నేను ఏం నేర్చుకోవాలో టీచరే నిర్ణయించాలి" ఇలాంటి వాక్యాలు. వెనక బెంచీ కుర్రాడు చెయ్యెత్తి, "సార్, ఏది టిక్ పెట్టాలె?" అన్నాడు. "నువ్వనుకున్నది పెట్టు" అన్నాను. వాడు పక్కవాడి కాగితం చూసి పెట్టాడు. ఆ చూడటాన్ని కూడా మేము పరాధీనత కింద లెక్కేశాం. వాక్యం అర్థం కాక చూశాడేమో, ఈ కాగితం వల్ల ఇంటర్నల్ మార్కులు పోతాయన్న భయంతో చూశాడేమో, ఎవరూ అడగలేదు. టీచర్ తప్పులు దిద్దాలని తొంభై మంది కోరుకుంటే అందులో వింత ఏముంది? సంగీతం నేర్చేవాడు గురువు శ్రుతి సరిచేయాలని కోరుకోడా? దిద్దమని కోరడం వేరు, దిద్దేవాడు లేకపోతే చేతులు కట్టుకుని కూర్చోవడం వేరు. ప్రశ్నావళి ఈ రెండింటినీ ఒకే గడిలో వేస్తుంది.

అసలు స్వయం అభ్యాసం అనే ఆలోచన పుట్టింది ఇందుకు కాదు. ఫ్రాన్సులో నాన్సీ విశ్వవిద్యాలయం వాళ్లు పెద్దవాళ్లకు భాషలు నేర్పే కేంద్రం నడుపుతున్న కాలంలో, అక్కడి ఆన్రీ ఓలెక్ 1979లో కౌన్సిల్ ఆఫ్ యూరప్‌కు ఒక నివేదిక రాశాడు. అభ్యాసకుడు తన చదువు బాధ్యత తాను తీసుకోగలగడమే స్వయంప్రతిపత్తి అన్నాడు. ఆ బాధ్యతలో ఏమేం ఉంటాయో కూడా చెప్పాడు: లక్ష్యం పెట్టుకోవడం, ఏం నేర్వాలో ఎంచుకోవడం, పద్ధతి చూసుకోవడం, నడకను గమనించుకోవడం, వచ్చిందో లేదో బేరీజు వేసుకోవడం. గురువు అక్కర్లేదని అతను అనలేదు. ఇది పుట్టుకతో వచ్చే శక్తి కాదనీ, సాధనతోనో పద్ధతిగా నేర్పడంతోనో వస్తుందనీ అన్నాడు. తర్వాత న్యూజిలాండ్‌లో పనిచేసిన సారా కాటరాల్ 1995లో సంసిద్ధత మీద ప్రశ్నావళితో వ్యాసం రాసింది. విద్యార్థుల నమ్మకాలేమిటో ముందు తెలుసుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో టీచర్‌కు తెలుస్తుందన్నది ఆమె ఉద్దేశం. రోగి నాడి చూసే పనిముట్టు అది. మన దగ్గరికి వచ్చేసరికి తీర్పు చెప్పే పనిముట్టు అయింది.

ఆసియా పిల్లలు గురువు మాట జవదాటరు, వాళ్లకు ఇది పడదు అనే వాదం కూడా పాతదే. విలియం లిటిల్‌వుడ్ 8 ఆసియా దేశాల్లో, 3 ఐరోపా దేశాల్లో విద్యార్థులను అడిగి 2000లో ఫలితం ప్రకటించాడు. వినడం, తలూపడం ఆసియా విద్యార్థుల కోరిక కాదని, క్లాసులో కనిపించే ఆ మౌనం వాళ్ల స్వభావం కంటే వాళ్లు చదివే తీరు వల్ల వచ్చిందని ఆయన తేల్చాడు. పాతికేళ్లు గడిచాయి. మన సెమినార్లలో ఇంకా "మన పిల్లల స్వభావం" అనే మాటే వినిపిస్తోంది.

ఒక నోట్‌బుక్ గురించి చెప్పాలి. నేను పనిచేసిన కాలేజీల్లో ఒకదానిలో, గాంధారి అవతల తండా నుంచి వచ్చే అమ్మాయి బీకాం రెండో ఏడు చదివేది. మార్కులు అంతంతమాత్రం. క్లాసులో నోరు విప్పదు. ఒకరోజు పీరియడ్ అయ్యాక స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడి, రెండు వందల పేజీల నోట్‌బుక్ ఒకటి చాపింది. ప్రతి పేజీకీ స్కేలు పెట్టి మూడు గీతలు, నాలుగు గడులు. మొదటి గడిలో యూట్యూబ్‌లో విన్న ఇంగ్లీషు మాట, కింద తెలుగక్షరాల్లో పలికే తీరు. రెండో గడిలో తెలుగు. మూడో గడిలో అదే మాట లంబాడీలో. నాలుగో గడి పైన "అడగాలె" అని రాసి ఉంది.

"ఐ యామ్ యూజ్డ్ టు ఇట్" అనే వాక్యం పక్కన నాలుగో గడిలో: "యూజ్ అంటే వాడుడు గద. అలవాటు ఎట్లయింది?" "హౌ కమ్" పక్కన: "కమ్ అంటే వచ్చుడు. ఇండ్ల ఎవరొచ్చిన్రు?" "షీ మస్ట్ బీ సిక్" పక్కన: "మస్ట్ అంటే తప్పకుండ. ఆమెకు జ్వరం తప్పకుండ రావాల్నా?"

ఇంగ్లీషు ఎం.ఏ. చదివినవాళ్లలో ఎందరు ఈ మూడో ప్రశ్న వేసుకున్నారు? విధి చెప్పే "మస్ట్", ఊహ చెప్పే "మస్ట్" వేరువేరని ఆ అమ్మాయి తన చెవితో పట్టుకుంది. వాడకం నుంచి అలవాటుకు అర్థం ఎలా జరిగిందని అడుగుతోంది. ఓలెక్ చెప్పిన ఐదు పనులూ ఆ గీతల మధ్య ఉన్నాయి. ఏం నేర్వాలో తనే ఎంచుకుంది. పద్ధతి తనే పెట్టుకుంది, అదీ మన ఏ పాఠ్యపుస్తకమూ తొక్కని తోవ, ఇంటి భాషను మెట్టుగా వేసుకుని. ఎక్కడ తెలియడం లేదో తనే గుర్తించి గడి గీసింది. తల్లి పక్కన కూర్చుని బీడీలు చుడుతూ చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటుందట. చేతులకు పని ఉన్నా చెవులు ఖాళీయే కదా సార్ అంది.

నేనేం చేశానో కూడా చెప్పాలి. "ముందు సిలబస్ కానియ్ బిడ్డా, ఈ యూనిట్ అయినంక చూద్దాం" అన్నాను. యూనిట్ అయింది. సెమిస్టర్ కూడా అయింది. ఆ సెమిస్టర్‌లో మేమిచ్చిన ఇంటర్నల్ మార్కుల్లో ఆ నోట్‌బుక్‌కు దక్కింది సున్నా. పాఠం వెనకున్న ప్రశ్నలకు గైడ్ చూసి జవాబులు ఎత్తి రాసిన రికార్డులకు నిండా మార్కులు పడ్డాయి. సంసిద్ధత గురించి అప్పుడే సర్వే చేసి ఉంటే, ఆ అమ్మాయి "టీచర్ చెప్పాలి" అనే గడిలోనే టిక్ పెట్టేది. గుమ్మం దాకా వచ్చింది చెప్పించుకోవడానికే కదా.

పరాధీనత లేదని నేననను. ఉంది. అది ఎక్కడ తయారవుతోందో చూడమంటున్నాను. మన డిగ్రీ ఇంగ్లీషు పరీక్ష పాఠ్యపుస్తకంలోని పాఠం మీద ప్రశ్న అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు గైడ్‌లో ఉంది. గైడ్ బస్టాండ్ పక్క దుకాణంలో ఉంది. మాట్లాడటం వచ్చా అని పరీక్ష అడగదు. తనంతట తాను ఒక వార్త చదివి అర్థం చేసుకోగలడా అని అడగదు. పరీక్ష హాల్లో సొంత వాక్యం రాస్తే వ్యాకరణం తప్పి మార్కు పోతుంది, కంఠస్థం చేసిన వాక్యానికి మార్కు వస్తుంది. మూడేళ్లు ఇలా నడిపించాక, పిల్లవాడు "ఇంపార్టెంట్ క్వశ్చన్లు చెప్పండి సార్" అంటాడు. తెలివైనవాడు కాబట్టే అంటాడు. ఆట నియమాలు మనం పెట్టాం, ఆ నియమాల్లో గెలిచే తోవ వాడు పట్టుకున్నాడు. నీళ్లు లేని చెరువు గట్టు మీద నిలబెట్టి నీకు ఈత రాదంటే వాడేం చెప్తాడు?

అదే కుర్రాడు సాయంత్రం ఎక్కడున్నాడో చూడండి. కామారెడ్డి లైబ్రరీ రీడింగ్ హాల్లో ఉంటాడు. 2022లో గ్రూప్స్, పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్లు వరసగా పడ్డప్పుడు ఆ కుర్చీల కోసం పొద్దున్నే బ్యాగులు పెట్టి జాగా పట్టుకున్నవాళ్లు ఈ పిల్లలే. సిలబస్ తామే దించుకున్నారు, టైంటేబుల్ తామే వేసుకున్నారు, పాత పేపర్లు తామే చేసి తామే దిద్దుకున్నారు. రోజుకు పది గంటలు, ఏడాది, రెండేళ్లు. ఏ లెక్చరరూ పక్కన లేడు. అక్కడ ఉన్న సంసిద్ధత పొద్దున పదిగంటల ఇంగ్లీషు పీరియడ్‌కు ఎలా మాయమవుతోంది? ఈ ప్రాంతానికి ఆ అలవాటు కొత్తదీ కాదు. వంటపని చేసుకుంటూ చదువుకున్న వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి తెలంగాణకు పుస్తకాలు పంచాడు. నిజాం పాలనలో నిజామాబాద్ జైల్లో కవి దాశరథితో కలిసి ఉన్నాడు. పెద్ద బడి మెట్లెక్కనివాళ్లు పుస్తకం పట్టుకుని పెద్దవాళ్లయిన నేల ఇది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. వస్తే మంచిదే, అది నిజాయితీ గల అభ్యంతరం. "నాలుగు వాక్యాలు తప్పుల్లేకుండా రాయలేనివాడు సొంతంగా ఏం నేర్చుకుంటాడు సార్?" ఇందులో రెండు వేరువేరు కొలతలు కలిసిపోయాయి. భాష ఎంత వచ్చు అన్నది ఒకటి, నేర్చుకునే పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నది ఇంకోటి. హైదరాబాద్ కార్పొరేట్ కాలేజీలో చదివి గడగడా మాట్లాడే పిల్లవాడు ట్యూటర్ లేకుండా ఒక్క పేజీ చదవలేకపోవచ్చు. "ఐ గోయింగ్" అనే పిల్లవాడు ఎక్కడ తడబడుతున్నాడో తనే తెలుసుకుని దిద్దుకుంటూ ఉండవచ్చు. స్థాయి తక్కువ కాబట్టి సిద్ధంగా లేడనడం, నడక రానిదే కాలు కదపొద్దనడంతో సమానం. ఆ మాట మీద నిలబడితే సంసిద్ధత ఎప్పటికీ రాదు. ఇంటర్‌లో రాలేదు కాబట్టి డిగ్రీలో చెప్పాలంటాం, డిగ్రీలో రాలేదు కాబట్టి పీజీలో బ్రిడ్జి కోర్సు అంటాం.

ఇంకో అభ్యంతరం: ముప్పై రోజుల్లో ఇంగ్లీష్ వీడియోలు పెట్టుకుంటారు, ఆరో రోజు మానేస్తారు. నిజమే. ఒకప్పుడు బస్టాండ్ బుక్‌స్టాల్లో ర్యాపిడెక్స్ ఇంగ్లీషు పుస్తకం కొన్నవాళ్లలోనూ చాలామంది మధ్యలోనే వదిలేశారు. అయినా డబ్బు పెట్టి కొన్నారు, ఎవరూ చెప్పకుండానే మొదలుపెట్టారు. మానేసినవాళ్లను అడిగి చూశాను. "చెప్పింది అర్థమైంది సార్, నేను అన్నది కరెక్టో కాదో చెప్పేటోళ్లు లేరు" అన్నమాట ఎన్నిసార్లు విన్నానో! వీడియో మాట్లాడుతుంది కానీ ఇటువైపు వినదు. అందుకే అది ఆరో రోజున ఆగుతుంది.

అందుకే రెండో వైపు నుంచి వచ్చే వాదాన్ని కూడా నేను ఒప్పుకోను. పిల్లలు సొంతంగా నేర్చుకోగలరు కాబట్టి లెక్చరర్లు ఎందుకు, పోస్టులు ఎందుకు, 2017లో వచ్చిన స్వయం ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్ చూసుకోమనండి, టీ-శాట్ చానల్ పెట్టుకోమనండి అనేవాళ్లున్నారు. 2003లో సుగతా మిత్రా, జేమ్స్ టూలీ తదితరులు హైదరాబాద్‌లో చేసిన ఒక ప్రయోగం గురించి ప్రచురించారు. 16 మంది పిల్లలకు కంప్యూటర్, మాటను అక్షరంగా మార్చే సాఫ్ట్‌వేర్, కొన్ని ఇంగ్లీషు సినిమాలు ఇచ్చి వాళ్లకు వాళ్లను వదిలితే, కొన్ని నెలల్లో ఉచ్చారణ మెరుగుపడింది. పేద పిల్లలకు చేతకాదనేవాళ్లకు అది గట్టి జవాబు. కానీ ఉచ్చారణ వరకే అది. "షీ మస్ట్ బీ సిక్" అంటే ఏమిటో ఆ యంత్రం చెప్పలేదు. ఇప్పటి ఫోన్లు చెప్తాయనుకున్నా, ఆ జవాబు సరైనదో కాదో ఆ అమ్మాయి ఎవరితో సరిచూసుకోవాలి? మనిషి కావాలి. గెస్ట్ లెక్చరర్లతో బండి లాగుతున్న కాలేజీలకు ఇంకా ఎక్కువమంది మనుషులు కావాలి. వాళ్ల పని మాత్రం మారాలి.

ఎలా మారాలో చెప్పడానికి పెద్ద కమిటీ అక్కర్లేదు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. లింగంపేట, గాంధారి, నాగిరెడ్డిపేట నుంచి జీరో టికెట్ మీద వచ్చేవాళ్లు క్లాసు మొదలయ్యే ముందు, అయిపోయాక బస్సు కోసం వరండాలో కూర్చుంటారు. అదే వరండాలో ఇంగ్లీషు ల్యాబ్‌కు తాళం ఉంటుంది. తనిఖీ రోజున తీస్తారు. ఆ తాళం చెవి ఇద్దరు విద్యార్థుల చేతిలో పెట్టండి. హెడ్‌ఫోన్ విరిగితే విరగనివ్వండి. ఇంటర్నల్ మార్కుల్లో సగం, గైడ్ నుంచి ఎత్తిరాసిన రికార్డుకు కాకుండా, విద్యార్థి తనే పెట్టుకున్న లక్ష్యానికి, దానికోసం చేసిన పనికి ఇవ్వండి. ఒకడు లారీ ఆఫీసులో ఫోన్ మాట్లాడటం నేర్చుకుంటానంటాడు, ఒకామె నర్సింగ్ ఇంటర్వ్యూ అంటుంది, ఒకడు క్రికెట్ కామెంటరీ అంటాడు. వాళ్ల ఇష్టం.

ఆపైన లెక్క వేయండి. తరగతిలో 60 మంది. ఒక్కొక్కరికి సెమిస్టర్‌లో పది నిమిషాలు కూర్చోబెట్టి వాళ్ల నోట్‌బుక్ చూస్తే 600 నిమిషాలు, అంటే 10 గంటలు. వారానికి నాలుగు పీరియడ్ల చొప్పున 15 వారాలకు మన చేతిలో 60 పీరియడ్లున్నాయి. ఆరోవంతు సమయం చాలు. మిగతా ఐదు వంతుల్లో సిలబస్ చెప్పుకోవచ్చు.

ఆ అమ్మాయి మూడో ఏడు అయ్యాక టీసీ కోసం వచ్చింది. చేతిలో అదే నోట్‌బుక్, అట్ట ఊడితే సెల్లోటేప్ వేసింది. ఈసారి నేనే పిలిచి వరండా గట్టు మీద కూర్చోబెట్టాను. "అడగాలె" గడిలో అప్పటికి పదిహేడు మిగిలాయి. మిగతావి తనే ఎక్కడో విని, చూసి, కొట్టేసుకుంది. "మస్ట్" దగ్గర మొదలుపెట్టాం. "ఆమెకు జ్వరం వచ్చినట్టే ఉంది అంటం సూడు, అది" అన్నాను. "అయితే లంబాడీల మాకు వేరే మాటుంది సార్" అని మూడో గడి చూపించింది. పద్నాలుగో ప్రశ్నకు వచ్చేసరికి ఇరవై నిమిషాలైంది. గేటు బయట గాంధారి బస్సు హారన్ కొట్టింది. నోట్‌బుక్ మూసి లేచింది.

"ఇంకో మూడున్నయి సార్. వాట్సాప్‌ల పెడ్త" అని పరుగెత్తింది.